ఇంట్లోనే కమ్మటి స్వీట్ పాన్‌కేకులు: పిండి కలపడం నుంచి ప్లేటులో పెట్టేదాకా

పాన్‌కేకులు సరిగ్గా రాలేదని చెప్పేవాళ్ల దగ్గర వినిపించేవి మూడే మాటలు. పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. రబ్బరులా సాగుతోంది. వెనీలా వేశాను కానీ వేసినట్టే తెలియలేదు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి, అన్నీ మన చేతిలో ఉన్నవే. వారం వారం చేసుకుంటూ వస్తే నాకు చివరికి అర్థమైంది ఏమిటంటే, వాసన పిండిలోకి వెళ్లాలి, పండు పెనం మీద పడాలి, తీపి మాత్రం ఎక్కువ భాగం ప్లేటులోకి వచ్చాకే పడాలి. ఈ మూడూ ఒకదాని చోట ఒకటి వేస్తేనే చిక్కులన్నీ.

ఎందుకో ముందే చెప్పేస్తాను, అప్పుడు తర్వాతి స్టెప్పులన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. పాన్‌కేక్ కాలే పెనం సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటుంది. పంచదార 160 డిగ్రీలు దాటిందంటే రంగు మారడం మొదలెడుతుంది, ఇంకా వేడెక్కితే చేదెక్కుతుంది. స్వీట్ పాన్‌కేక్ కదా అని పిండిలో అరకప్పు పంచదార పోస్తే, లోపలి పిండి ఉడికేలోపే అడుగు నల్లబడిపోతుంది. మంట తగ్గిస్తే మాడదు, కానీ అప్పుడు పొంగదు కూడా. అందుకే పిండిలో రెండు టేబుల్ స్పూన్లకు మించి పంచదార వేయకండి. ఆ రెండు స్పూన్లూ తీపి కోసం కన్నా రంగు కోసం, మెత్తదనం కోసం.

## ఏమేం కావాలి

ఇది ముగ్గురికి సరిపోయే కొలత, అరచేతి వెడల్పున ఎనిమిది తొమ్మిది పాన్‌కేకులు వస్తాయి.

- మైదా 200 గ్రాములు
- పంచదార 2 టేబుల్ స్పూన్లు
- బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు
- ఉప్పు పావు టీస్పూన్
- పాలు 250 మిల్లీలీటర్లు
- గుడ్డు 1
- ఉప్పు లేని వెన్న 40 గ్రాములు, కరిగించినది
- వెనీలా ఎసెన్స్ ఒకటిన్నర టీస్పూన్లు

వంటింట్లో చిన్న త్రాసు ఉంటే మైదాను తూచే వేయండి, ఇది మొహమాటానికి చెప్పడం లేదు. కప్పును నేరుగా డబ్బాలోకి ముంచి తీస్తే పిండి కూరుకుపోయి ఒక్క కప్పుకే 145 గ్రాముల దాకా వచ్చేస్తుంది, అదే కప్పును చెంచాతో వదులుగా నింపి పైన చదును చేస్తే 125 గ్రాములు కూడా దాటదు. పాన్‌కేకు గట్టిగా వచ్చిందంటే నూటికి సగం సార్లు తప్పు ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. త్రాసు లేకపోతే చెంచాతో నింపిన ఒకటిన్నర కప్పు, దాని పైన ఇంకో రెండు టేబుల్ స్పూన్లు వేసుకోండి.

ఉప్పు మానేయకండి. తీపి వంటకంలో ఉప్పెందుకు అనిపిస్తుంది కానీ అది లేని పాన్‌కేకు చప్పగా, పిండి వాసనతో ఉంటుంది. ఎంత సిరప్ పోసినా ఆ చప్పదనం పోదు.

బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పుడు తెరిచారో గుర్తులేకపోతే ముందు పరీక్ష చేయండి. చిన్న గిన్నెలో బాగా వేడిగా ఉన్న నీళ్లు పావు కప్పు పోసి, అర టీస్పూన్ పౌడర్ వేయండి. వెంటనే బుసబుసా నురగ లేస్తే పౌడర్ బతికే ఉంది. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే ఆ డబ్బా పారేయండి, రెట్టింపు వేస్తే సరిపోతుందిలే అనుకోవద్దు, అప్పుడు పొంగు రాదు కానీ చేదు మాత్రం వస్తుంది.

బేకింగ్ పౌడర్, వంట సోడా ఒకటి కావు. సోడా అంటే ఒట్టి క్షారం, అది పని చేయాలంటే పుల్లటిది ఏదో ఒకటి తోడు ఉండాలి. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఆ పుల్లటి పొడి కూడా ముందే కలిపి ఉంటుంది, తడి తగలగానే ఒకసారి, పెనం మీద వేడి తగిలాక ఇంకోసారి గ్యాస్ వదులుతుంది. పౌడర్ లేదని అంతే కొలతలో సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది, ఎందుకంటే సోడా దానికన్నా మూడు నాలుగు రెట్లు ఘాటు.

## పిండి కలపడం

ముందు పొడివన్నీ ఒక వెడల్పాటి గిన్నెలో వేయండి: మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, ఉప్పు. విస్క్‌తో అర నిమిషం బాగా కలపండి. జల్లెడ పట్టినా మంచిదే. బేకింగ్ పౌడర్ ఒక్కచోటే ఉండిపోతే ఒక పాన్‌కేకు పొంగి ఇంకొకటి అణిగిపోతుంది.

ఇప్పుడు తడివి. ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూడాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలలో కరిగిన వెన్న పోస్తే ఏమవుతుందంటే, వెన్న ఆ చలికి అక్కడికక్కడే గడ్డకట్టి ఆవగింజల్లా పసుపు పలుకులుగా తేలుతుంది. ఎంత గిలక్కొట్టినా కలవదు. ఆ పలుకులు పెనం మీద కరిగి, పాన్‌కేకులో అక్కడక్కడా జిడ్డు గుంటలు పడతాయి. కాబట్టి పాలను గోరువెచ్చగా చేసుకోండి, వేలు పెడితే చల్లగానూ వేడిగానూ తెలియనంత. గుడ్డు ఫ్రిజ్‌లో ఉంటే పెంకుతోనే ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో వేసి ఉంచండి. పాలలో గుడ్డు కొట్టి బాగా గిలక్కొట్టాక, కొంచెం ఆరిన వెన్నను సన్నటి ధారగా పోస్తూ కలపండి.

వెనీలా పాలలో కాకుండా ఆ కరిగిన వెన్నలోనే వేయండి. వెనీలా వాసన నీళ్లకన్నా కొవ్వును బాగా పట్టుకుంటుంది. కొవ్వులోకి వెళ్లిన వాసన పెనం వేడికి తొందరగా ఎగిరిపోదు. మసాలా దినుసులకు కూడా ఇదే దారి, దాని గురించి కింద చెబుతాను. అయితే వెన్న చుయ్‌మనేంత వేడిగా ఉన్నప్పుడు వేయొద్దు, అప్పుడు వాసన మీ వంటింటికే పోతుంది.

పొడి పిండి మధ్యలో గుంట చేసి తడి మిశ్రమం మొత్తం ఒకేసారి పోయండి. ఇక విస్క్ పక్కన పెట్టి గరిటె తీసుకోండి. గిన్నె అడుగు నుంచి పైకి మడతపెట్టినట్టు పది పన్నెండు సార్లు తిప్పండి, అంతే. పొడి పిండి కనపడకపోతే చాలు. చిన్న చిన్న ఉండలు కనిపిస్తాయి, వాటిని చూసి టెన్షన్ పడకండి, చిదమకండి. శనగగింజంత ఉండలు పెనం మీద వాటంతటవే కలిసిపోతాయి. నున్నగా వచ్చేదాకా తిప్పుతూ పోతే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు పదార్థం సాగి తీగలు తీగలుగా అల్లుకుంటుంది. రబ్బరు పాన్‌కేకు అక్కడ పుడుతుంది. మిక్సీలో వేసి తిప్పడం అసలే వద్దు.

కలిపాక పది నిమిషాలు గిన్నెను అలా వదిలేయండి. ఈలోగా మైదా తడిని పీల్చుకుంటుంది, ఉండలు నానుతాయి, సాగిన గ్లూటెన్ కాస్త సడలుతుంది. తిరిగి చూస్తే పిండి ముందుకన్నా చిక్కగా, పైన సన్న బుడగలతో కనిపిస్తుంది. దాన్ని మళ్లీ కలపకండి, ఆ బుడగలే మనకు కావలసిన పొంగు. గరిటెతో తీసి వంచితే పిండి ధారగా కారిపోకూడదు, బరువుగా ముద్దలు ముద్దలుగా జారి, పడ్డ చోట ఒక క్షణం గుట్టగా నిలబడి నెమ్మదిగా పరుచుకోవాలి. మరీ గట్టిగా ఉంటే ఒక్క టేబుల్ స్పూన్ పాలు పోసి రెండు తిప్పులు తిప్పండి.

పచ్చి పిండిని రుచి చూసే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోండి. గుడ్డే కాదు, వేడి తగలని మైదాలో కూడా కడుపుకు పడని క్రిములు ఉండొచ్చు.

## పెనం వేడి

అడుగు మందంగా ఉన్న పెనం ఏదైనా పనికొస్తుంది. ఇనుప పెనమైతే మధ్యస్థం కన్నా కాస్త తక్కువ మంట మీద ఐదు నిమిషాలు కాలనివ్వాలి, నాన్‌స్టిక్‌కు రెండు మూడు నిమిషాలు చాలు. ఇనుము నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, అందుకని దాని మీద ఒక్కో పాన్‌కేకుకూ రంగు ఒకేలా వస్తుంది. ఖాళీ నాన్‌స్టిక్‌ను పెద్ద మంట మీద ఎప్పుడూ పెట్టకండి, దాని పూత పాడవుతుంది.

వేడి తెలుసుకోవడానికి వేళ్లు తడిపి నాలుగు చుక్కలు చిలకరించండి. చుక్క పడ్డచోటే నిలబడి మెల్లగా మరిగితే ఇంకా వేడి చాలదు. చిటపటలాడుతూ చిన్న పూసలుగా విడిపోయి, ఒకటి రెండు క్షణాలు పరుగెత్తి మాయమైతే సరైన వేడి. అదే చుక్క గుండ్రంగా పాదరసంలా దొర్లుతూ ఎంతసేపటికీ ఇంకకపోతే పెనం మరీ కాలిపోయిందని. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పెనానికి తగలనివ్వదు, అందుకే అలా తేలుతుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ స్థితి వస్తే మంట తగ్గించి ఒక నిమిషం ఆగండి.

పెనానికి వెన్న రాసి కాల్చాలని చాలామంది అనుకుంటారు, నేనైతే వద్దంటాను. వెన్నలో ఉండే పాల పదార్థం ఈ వేడికి నల్లటి చుక్కలుగా మాడుతుంది. వాసన లేని వంటనూనె అర టీస్పూన్ వేసి, మడిచిన కాగితంతో పెనమంతా రుద్ది, మిగిలింది తుడిచేయండి. పెనం మీద నూనె ఉందా లేదా అన్నట్టుండాలి. నూనె మడుగు కడితే పాన్‌కేకు అడుగున మచ్చలు మచ్చలుగా, చిల్లుల అంచులతో వేగినట్టు వస్తుంది. మొదటి పాన్‌కేకు ఎప్పుడూ బాగా రాదంటారు, దానికి కారణం చాలావరకు ఈ ఎక్కువైన నూనే. రెండోదానికొచ్చేసరికి ఆ నూనె మొదటిది పీల్చేసుకుని ఉంటుంది. తుడిచి మొదలుపెడితే మొదటిది కూడా మిగతావాటిలాగే వస్తుంది.

## పోయడం, తిరగేయడం

పావు కప్పు కొలతతో పిండి తీసి, పెనానికి దగ్గరగా పట్టి ఒకే చోట పోయండి. గరిటెతో తిప్పి పల్చగా చేయకండి, అది తనంతట తానే గుండ్రంగా పరుచుకుంటుంది. రెండింటి మధ్య మూడు వేళ్ల సందు వదలండి.

ఇక చూస్తూ ఉండండి. ఒక నిమిషానికి పైన బుడగలు మొదలవుతాయి. అప్పుడే తిరగేయకూడదు, ఇక్కడ ఓపిక కావాలి. అంచు దగ్గర పేలిన బుడగ మళ్లీ పిండితో పూడిపోతోందంటే కింద ఇంకా పలచగానే ఉందని అర్థం. బుడగ పేలి ఆ చిల్లు అలాగే నిలిచిపోయి, చుట్టూ అంచు మెరుపు పోయి పొడిబారినట్టు కనిపించినప్పుడు తిరగేయాలి. రెండు నుంచి రెండున్నర నిమిషాలు పడుతుంది. అట్లకాడను పూర్తిగా కిందికి జరిపి, పెద్దగా ఎత్తకుండా మణికట్టుతో ఒక్కసారి తిప్పేయండి.

రెండో వైపు ఒక నిమిషం, మహా అయితే ఒకటిన్నర. తిరగేశాక పాన్‌కేకు పైకి లేస్తుంది చూడండి, అది చూడ్డానికే నాకు పొద్దున్నే స్టవ్ దగ్గర నిలబడటం ఇష్టం. దాన్ని అట్లకాడతో నొక్కారో, అంతసేపూ పిండిలో దాచుకున్న గాలంతా పోతుంది. రెండోసారి తిరగేయడం కూడా వద్దు. ఉడికిందో లేదో చూడాలంటే నడి మధ్యలో వేలితో మెల్లగా తాకండి, స్పాంజిలా వెనక్కి లేస్తే అయిపోయినట్టే.

రెండు మూడు విడతల తర్వాత పెనం వేడెక్కుతూ పోతుంది, కాబట్టి మధ్యలో మంట కాస్త తగ్గించుకోవాలి. మొదటివి బంగారు రంగులో వచ్చి చివరివి మాడుతున్నాయంటే ఇదే కారణం.

అయినవాటిని ప్లేటులో ఒకదాని మీద ఒకటి పేర్చి మూత పెట్టకండి, ఆవిరికి అడుగువి తడిసి ముద్దవుతాయి. ఓవెన్ ఉంటే 95 డిగ్రీల దగ్గర పెట్టి, జాలీ మీద విడివిడిగా ఉంచితే అందరికీ ఒకేసారి వేడిగా పెట్టొచ్చు. లేకపోతే జాలీ మీద పల్చటి గుడ్డ కప్పి ఉంచండి.

## ఫ్లేవర్లు ఎక్కడ, ఎలా వేయాలి

అసలు రుచంతా ఇక్కడుంది. ఏది పిండిలో కలపాలి, ఏది పెనం మీద చల్లాలి అన్నది తెలిస్తే మీ సొంత ఫ్లేవర్లు మీరే తయారు చేసుకోవచ్చు.

దాల్చినచెక్క, యాలకులు, జాజికాయ. వెన్న కరిగిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగా, ఒక టీస్పూన్ దాల్చినచెక్క పొడి అందులో వేసి అర నిమిషం తిప్పండి. పొడిగా పిండిలో కలిపినదానికీ దీనికీ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. యాలకులైతే అప్పటికప్పుడు దంచినవి పావు టీస్పూన్ చాలు. జాజికాయ రెండు మూడు గీకుళ్లకు మించితే చేదు.

నిమ్మ, నారింజ. వాసన రసంలో ఉండదు, తొక్కలో ఉంటుంది. తొక్క పైనున్న రంగు పొరను మాత్రమే సన్నగా తురమండి, కింద తెల్లటి పొర చేదు. ఆ తురుమును పిండిలో వేయాల్సిన రెండు స్పూన్ల పంచదారలో వేసి వేళ్లతో ఒక నిమిషం నలపండి. పంచదార గరుకుదనానికి తొక్కలోని నూనె బయటికొస్తుంది, పంచదార తడిసిన ఇసుకలా మారి లేత రంగు తిరుగుతుంది, వేళ్లకు పట్టిన ఆ వాసన చేతులు కడుక్కున్నా కాసేపు పోదు. ఒక పెద్ద నిమ్మకాయ తొక్క ఈ కొలతకు సరిపోతుంది. రసం పిండిలో పిండకండి, ఆ పులుపు బేకింగ్ పౌడర్‌తో గిన్నెలోనే పని కానిచ్చేస్తుంది, పెనం మీదికి వచ్చేసరికి పొంగడానికి ఏమీ మిగలదు. రసాన్ని పైన పంచదారతో కలిపి పోసుకోండి.

అరటిపండు. తొక్క మీద నల్ల మచ్చలు బాగా వచ్చిన పండే కావాలి, అప్పటికి దానిలోని పిండి పదార్థం చాలావరకు చక్కెరగా మారి ఉంటుంది. ఒక మధ్యస్థ పండును ఫోర్కుతో మెదిపి తడి మిశ్రమంలో కలపండి. పాలలో మూడు టేబుల్ స్పూన్లు, పంచదారలో ఒక స్పూన్ తగ్గించండి. పండులో చక్కెర ఉంది కాబట్టి ఇది తొందరగా నల్లబడుతుంది, మంట మామూలుకన్నా తక్కువే ఉండాలి. దాల్చినచెక్కతో దీని జోడీ చాలా బాగుంటుంది.

చాక్లెట్. మైదాలోంచి 30 గ్రాములు తీసేసి ఆ స్థానంలో 25 గ్రాముల తీపి లేని కోకో పౌడర్ వేయండి. కోకో తడిని బాగా పీలుస్తుంది, చేదుగానూ ఉంటుంది, కాబట్టి పాలు రెండు టేబుల్ స్పూన్లు, పంచదార ఒక టేబుల్ స్పూన్ పెంచాలి. రెండు స్పూన్లకు మించొద్దన్న నా మాటకు ఇదొక్కటే మినహాయింపు, ఇక్కడా మంట తక్కువే పెట్టాలి. పాలలో అర టీస్పూన్ ఇన్‌స్టంట్ కాఫీ పొడి కరిగించి చూడండి, కాఫీ రుచి తెలియదు కానీ చాక్లెట్ రుచి గాఢమవుతుంది. దీనికి రంగు చూసి తిరగేయడం కుదరదు, బుడగలను, అంచును మాత్రమే నమ్మాలి.

చాక్లెట్ చిప్స్, బెర్రీలు, పండు ముక్కలు. ఇవేవీ గిన్నెలో కలపకండి. పెనం మీద పిండి పోసిన వెంటనే ఒక్కోదాని మీద ఐదారు చొప్పున చల్లి, పైన ఒక చెంచా కలిపిన పిండి జల్లండి. అలా చేస్తే తిరగేసినప్పుడు పండు నేరుగా పెనానికి తగిలి అంటుకోదు, అన్ని పాన్‌కేకులకూ సమానంగా వస్తాయి. విడత విడతకూ పెనం తుడవండి, కారిన చాక్లెట్ తర్వాతి వాటికి మాడు వాసన అంటిస్తుంది.

బ్లూబెర్రీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకసారి ఇంటికొచ్చినవాళ్ల కోసం మజ్జిగా సోడా వేసిన పిండిలో గడ్డకట్టిన బ్లూబెర్రీలు కలిపి పెట్టాను, పావుగంటకు పిండి పండ్ల చుట్టూ ఆకుపచ్చగా తిరిగింది. పాడైపోయిందనుకుని మొత్తం పారబోశాను, చాలా బాధేసింది. తర్వాత తెలిసింది, అది పాడవడం కాదు. బెర్రీలకు నీలం రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపు తగిలితే ఎర్రబడతాయి, సోడాలాంటి క్షారం తగిలితే ఆకుపచ్చ వైపు తిరుగుతాయి. నేను సోడా ఎక్కువ వేశాను, పండ్ల రసాన్ని పిండిలో ఊరనిచ్చాను కూడా. పైన చెప్పినట్టు బేకింగ్ పౌడర్ పిండి వాడి, బెర్రీలను ఫ్రీజర్‌లోంచి తీసి కరగనివ్వకుండా నేరుగా పెనం మీదే చల్లితే ఈ బాధ ఉండదు. మీకూ ఎప్పుడైనా అలా పచ్చబడితే పారబోయకండి, తినొచ్చు.

యాపిల్. తురిమి, గట్టిగా పిండి, అరకప్పు తురుమును పిండిలో కలపొచ్చు. ముక్కలుగా వేస్తే ఈ కొద్ది సమయంలో ఉడకవు.

## గుడ్డు లేకుండా, మజ్జిగతో, గోధుమపిండితో

గుడ్డు వద్దనుకుంటే అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్‌ను మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి, జిగురుగా అవుతుంది, గుడ్డు స్థానంలో అది వేయండి. మెదిపిన అరటిపండు కూడా పనిచేస్తుంది కానీ రుచి అరటిపండుదే ఉంటుంది. గుడ్డు లేనివి కాస్త సున్నితంగా ఉంటాయి, చిన్నవిగా పోసుకుంటే తిరగేసేటప్పుడు విరగవు.

మజ్జిగ పాన్‌కేకుల రుచే వేరు, కొంచెం పులుపు, బాగా మెత్తదనం. దానికి చిక్కటి మజ్జిగ కావాలి, ముప్పావు కప్పు పెరుగులో పావు కప్పు పాలు గిలక్కొడితే సరిగ్గా ఆ చిక్కదనం వస్తుంది. పెరుగు లేకపోతే కప్పు పాలలో టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగండి. అప్పుడు బేకింగ్ పౌడర్‌ను ఒకటిన్నర టీస్పూన్లకు తగ్గించి, వంట సోడా పావు టీస్పూన్ చేర్చాలి. ఇవి పాలతో చేసినవాటికన్నా ముదురు రంగులో వస్తాయి, సోడా వల్ల అలా అవుతుంది, మాడుతున్నాయనుకుని తొందరపడి తీసేయకండి.

గోధుమపిండితో చేయాలంటే మొదట సగం మైదా, సగం గోధుమపిండి పెట్టుకుని చూడండి. పాలు మూడు టేబుల్ స్పూన్లు ఎక్కువ పడతాయి, నానబెట్టే సమయం పది నిమిషాలు కాదు ఇరవై.

## పైన ఏం పోయాలి

పిండిలో మనం దాచిన తీపి అంతా ఇప్పుడు ఖర్చు పెట్టొచ్చు. వేడి పాన్‌కేకు మీద ముందు చిన్న వెన్న ముక్క, అది కరుగుతుండగా సిరప్. మేపుల్ సిరప్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి, అసలుదైతే అందులో మేపుల్ సిరప్ తప్ప ఇంకేమీ ఉండదు. సుమారు 40 లీటర్ల చెట్టు రసం మరిగితే ఒక లీటరు సిరప్ అవుతుంది, అందుకే అంత ధర. మేపుల్ ఫ్లేవర్ అని రాసి ఉన్నవి ఎక్కువగా రంగూ వాసనా కలిపిన కార్న్ సిరప్పులు. తేనె కూడా బాగుంటుంది, కానీ ఏడాది నిండని పిల్లలకు తేనె అస్సలు పెట్టకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టం ఇంట్లో చేసిన బెర్రీ సాస్. 200 గ్రాముల బెర్రీలు, రెండు టేబుల్ స్పూన్ల పంచదార, ఒక టేబుల్ స్పూన్ నీళ్లు చిన్న గిన్నెలో వేసి మధ్యస్థ మంట మీద ఆరేడు నిమిషాలు ఉంచండి. సగం పండ్లు పగిలి రసం చిక్కబడుతుంది, సగం అలాగే గుండ్రంగా ఉంటాయి, అక్కడ ఆపేయండి. దించాక ఒక టీస్పూన్ నిమ్మరసం పిండండి. వేడిగా ఉన్నప్పుడు పల్చగా కనిపిస్తుంది, చల్లారితే చిక్కబడుతుంది, కాబట్టి ఇంకా మరిగించకండి.

అరటిపండు కారమెల్ ఇంకా తేలిక. పెనంలో 20 గ్రాముల వెన్న, రెండు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్ వేసి, నురగ వచ్చాక మందపాటి అరటి ముక్కలు పరిచి ఒక్కో వైపు నిమిషం చొప్పున ఉంచి, చిటికెడు ఉప్పు చల్లి దించేయండి. దీనికి మాత్రం మరీ పండని, గట్టిగా ఉన్న పండు కావాలి, మెత్తటిదైతే జావ అయిపోతుంది.

## పొద్దున్నే హడావుడి లేకుండా

రాత్రే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెడితే కుదరదా అంటే, బేకింగ్ పౌడర్ పిండితో కుదరదు, పొద్దుటికి దాని గ్యాస్ సగం పోయి ఉంటుంది. రాత్రి పొడివన్నీ కొలిచి ఒక గిన్నెలో, పాలూ గుడ్డూ గిలక్కొట్టి ఇంకో గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున లేవగానే తడి గిన్నెను కాసేపు వేడినీళ్ల పళ్లెంలో ఉంచి, చలి విరిగాక వెన్న కరిగించి పోసి కలపడమే. పొడి మిశ్రమాన్ని నాలుగైదు రెట్లు చేసి గాలి చొరని డబ్బాలో నిల్వ పెట్టుకుంటే ఇంకా సులువు, ఒక విడతకు ఎన్ని గ్రాములో డబ్బా మీద రాసి పెట్టుకోండి.

చేసినవి మిగిలితే పూర్తిగా చల్లారాక ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టి, కవర్లో గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలల దాకా రుచి తగ్గదు. తినేటప్పుడు కరగబెట్టనక్కర్లేదు, ఫ్రీజర్‌లోంచి నేరుగా టోస్టర్‌లో వేస్తే అంచులు కొత్తగా కాల్చినట్టే కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో అయితే ఒక్కోదానికి ఇరవై సెకన్లు, దాని మీద కాస్త తడిపిన కాగితపు టిష్యూ కప్పండి, లేకపోతే అంచులు ఎండి గట్టిపడతాయి. ఫ్రూట్ వేసినవాటికి ఇంకో పది సెకన్లు పడుతుంది, పండు లోపల చాలాసేపు చల్లగానే ఉంటుంది. తీసి వెంటనే కొరకండి కానీ బెర్రీ ఉన్న చోట జాగ్రత్త, ఒకసారి వేడెక్కిందంటే లోపలి రసం నాలుక కాలేంత వేడిగా ఉంటుంది.